మూత ఉంది కదా అనుకున్నాను

అర్ధరాత్రి వాన పడితే ఊళ్ళో జనం ఇంటి కప్పు వంక చూస్తారు, ఎక్కడ కారుతాదా అని. మా పేటలో మాత్రం మగోళ్ళు లుంగీ ఎగ్గట్టి, టార్చి లైటు పట్టుకుని ఇసక మీదకి పరిగెడతారు. మా ఇళ్ళకన్నా ఖరీదైనది అక్కడ ఆరుబయట పడుకుని ఉంటాది మరి. అదే పడవ.

నేను శ్రీకాకుళం తీరంలో పుట్టినోణ్ణి. పదో తరగతితో చదువు ఆగిపోనాది. మిగతాదంతా ఒడ్డున పెద్దోళ్ళని అడిగి, దొరికిన పుస్తకం చదివి నేర్చుకున్నదే. ఇన్నేళ్ళూ జెట్టీల గురించి, డీజిల్ రాయితీ గురించి, వేట నిషేధం భృతి గురించి మాటాడుతూ, రాస్తూ వచ్చాను. ఈ వారం మాత్రం పడవ అరల్లో నిలబడే వాన నీళ్ళ గురించి రాస్తున్నాను. ఇదీ ఒక సమస్యేనా అంటారేమో. అంటే తప్పులేదు, ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ మాట మా మావ కుడి భుజాన్ని తీసుకుపోనాది.

సునామీ అయిన రెండు మూడేళ్ళకి సంగతి. మా మావకి కొత్తగా ఫైబర్ పడవ వచ్చింది. అక్టోబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వదలకుండా వాన. అయిదో రోజు తెరిపిచ్చింది. నాలుగు రోజులు పొయ్యి సరిగ్గా వెలగని ఇళ్ళు, ఇంక ఆగుతారేటి? అందరూ వేటకి బయల్దేరారు. అయిదుగురిలో నేనే చిన్నోణ్ణి కాబట్టి నీళ్ళు తోడే పని నాది.

"ఏరా అల్లుడా, నీళ్ళు తోడీసినావేట్రా?" అని మావ అడిగాడు.

"తోడీసినాను మావా" అన్నాను.

అబద్ధం కాదు. నడుమ కనపడే నీళ్ళన్నీ తోడాను. అణియం వైపు, అంటే పడవ ముందు భాగంలో, ఒక అర ఉంటాది. తాళ్ళు, లంగరు, పాత వలలు పడేసే అర. దానికి మూత వేసి ఉంది. మూత మీద వల గుట్ట ఉంది. ఆ వలంతా తీసి, మూతెత్తి చూసేదెవరు? మూత ఉంది కదా అనుకున్నాను.

ఒడ్డు కెరటాలు దాటేటప్పుడు మొదటి కెరటానికి అణియం లేవాల్సినంత లేవలేదు. రెండో కెరటానికి లేచింది, కానీ ముందు అరలో నీళ్ళన్నీ ఒక్కసారి వెనక్కి ఉరికాయి. ఇంజిను ఉన్న అమరం కిందకి దిగిపోనాది. మూడో కెరటం వెనకనుంచి లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత పడవ బోర్లా పడింది. ఎవరి ప్రాణం పోలేదు, అదొక్కటే అదృష్టం. ఇంజిను పోనాది, వల పోనాది, పడవ అంచు కింద పడి మావ భుజం విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ తెడ్డు పట్టలేదు. అత్త పుస్తెల తాడు తాకట్టుకి పోనాది. మావ కొడుకు ఇంటర్ మధ్యలో ఆపేసి గుజరాత్‌లో వెరావల్ బోట్లకి కళాసీగా వెళ్ళిపోయాడు.

కాగితాల మీద మాత్రం "కెరటాల ఉధృతికి బోల్తా" అని రాశారు. లోపల ఎన్ని నీళ్ళున్నాయని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నాళ్ళకి ఇప్పుడు చెప్తున్నాను.

తెప్పకి కడుపు లేదు, పడవకి ఉంది

మా తాత తెప్ప మీద వేటకెళ్ళేవోడు. తెప్పంటే దుంగలు కలిపి తాళ్ళతో కట్టినది. వాన పడినా కెరటం పడినా నీళ్ళు దుంగల సందుల్లోంచి కిందకి పోతాయి. అందుకే తెప్పోళ్ళకి నీళ్ళు తోడే పనే లేదు. ఫైబర్ పడవ అలా కాదు. దానికి కడుపుంది. వలకో అర, ఐసుకో అర, సామానుకో అర, ముందూ వెనకా తేలడానికి గాలి గదులు. కడుపుండటం మంచిదే, ఎక్కువ సరుకు పడతాది. కానీ కడుపున్నదానికి కాపలా కావాలి. మనం తెప్ప నుంచి పడవకి మారాం గానీ తెప్ప నాటి ధీమా మాత్రం వదల్లేదు.

ఎన్ని నీళ్ళు పడతాయో మీరే లెక్క కట్టండి. ఫోనులో కేల్‌క్యులేటర్ ఉందిగా. ఒక చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. లీటరంటే కిలో బరువు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడితే "భారీ వర్షం". 204.4 దాటితే "అత్యంత భారీ". తొమ్మిది మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న పడవ తీసుకోండి. కొసలు సన్నబడతాయి కాబట్టి వానకి తెరుచుకుని ఉండే జాగా 14 చదరపు మీటర్లు అనుకుందాం. 100 మిల్లీమీటర్ల వానకి 1,400 లీటర్లు. ఒకటిన్నర టన్నుకి కాస్త తక్కువ. 70 కిలోల మనుషులు ఇరవై మంది ఆ రాత్రి మీ పడవెక్కి కూచున్నట్టే.

అర మూత చిన్నదే కదా, దాంట్లోకి ఎంత పోతాది అనుకోకండి. అరలోకి దిగేది మూత మీద పడ్డ వాన ఒక్కటే కాదు. పైన తట్టు మీద పడిందంతా పల్లం వెతుక్కుని ఏ సందు దొరికితే ఆ సందులోంచి లోపలికి దిగుతాది.

పళ్ళెంలో నీళ్ళు, చెంబులో నీళ్ళు

బరువొక్కటే అయితే అంత భయం లేదు. సేపల బరువు మొయ్యడం లేదేటి పడవ? తేడా ఏటంటే సేపలు ఐసులో కదలకుండా ఉంటాయి. నీళ్ళు ఉండవు.

ఇంట్లో చేసి చూడండి. వెడల్పాటి పళ్ళెంలో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, పట్టుకుని నడవండి. చెయ్యి కాస్త వొరిగితే చాలు, నీళ్ళన్నీ ఆ వైపుకే పరిగెత్తి పళ్ళేన్ని ఇంకా వొంచేస్తాయి. అవే నీళ్ళు చెంబులో పోసి నడవండి, ఏమీ కాదు. నీళ్ళు అవే, బరువూ అదే. తేడా అంతా వెడల్పులో ఉంది. పడవ అరలోనూ ఇంతే. పడవ ఎటు వొరిగితే నీళ్ళు అటే పోయి దాన్ని మళ్ళీ లేవనివ్వవు. అందుకే సగం నిండిన వెడల్పాటి అర నిండు అరకన్నా ప్రమాదం. "కాస్త నీళ్ళుంటే పడవ బరువుగా కుదురుగా ఉంటాదిలే" అనే పెద్దోళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళంటే గౌరవమే, కానీ ఈ ఒక్క మాట వినకండి.

ఇంకో లెక్క. వెడల్పాటి అరకి నడిమధ్యలో, పడవ పొడుగునా, ఒక అడ్డగోడ పెట్టి రెండు చేస్తే నీళ్ళు అటూ ఇటూ ఊగి పడవని వొంచే ప్రభావం నాలుగో వంతుకి పడిపోతాది. సగానికి కాదు, నాలుగో వంతుకి. పడవ చేయించుకునేటప్పుడు ఈ మాట అడగండి. తర్వాత పెట్టించుకోవడం కష్టం, ఖర్చు.

నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయి

ముందు, మూతుందీ పొడిగా ఉందీ రెండూ ఒకటి కాదని గుర్తుపెట్టుకోండి. మన ఇంటికి గడప ఎందుకు పెట్టుకున్నాం? వాకిట్లో నీళ్ళు లోపలికి రాకుండా. అర నోటికీ గడప కావాలి. తట్టు మీద మూడు నాలుగు అంగుళాలు ఎత్తు కట్టు, దాని మీద డబ్బా మూత లాగ అంచు కిందకి దిగేలా మూత. చాలా పడవల్లో మూత తట్టుకి సమానంగా పరిచేస్తారు. నడవడానికి సుళువే, నీళ్ళు దిగడానికీ సుళువే. కట్టు లేకపోతే పాత సైకిల్ ట్యూబు కోసి మూత అంచు చుట్టూ అతికించండి. పూర్తిగా ఆపదు గానీ చాలా మటుకు తగ్గిస్తాది.

రెండోది, అరకీ అరకీ మధ్య అడుగున చిన్న కన్నాలుంటాయి. ఏ అరలో నీళ్ళు పడినా వెనక్కి జారి ఒకచోటకి చేరాలని పెట్టిన దారులవి. వల దారాలు, సేప పొలుసు, థర్మాకోల్ గుళ్ళు అడ్డం పడి అవి మూసుకుపోతాయి. అప్పుడు వెనక బిరడా తీసినా ముందు అరలో నీళ్ళు ముందరే ఉండిపోతాయి. మా మావ పడవలో జరిగింది ఇదే. ఒక గట్టి తీగ ముక్క పడవలోనే ఉంచుకోండి, వాన పడినప్పుడల్లా ఆ కన్నాల్లో పొడవండి.

మూడోది, గాలి గదులు. థర్మాకోల్ పెట్టి మూసేసినవి. అక్కడ పైన పగులొస్తే నీళ్ళు దిగుతాయి, బయటకి కనపడవు. ఎలా తెలుస్తాది? పదిమంది తోస్తే కదిలే పడవకి పధ్నాలుగు మంది కావాల్సి వస్తే అనుమానపడాలి. మీ బలం తగ్గలేదు, పడవ తాగేసింది.

నాలుగోది, ఇంజిను తగిలించే వెనక గోడ. ఫైబర్ మధ్యలో చాలావాటికి ప్లైవుడ్ ఉంటాది. వెనక అరలో నీళ్ళు నిలబడి బోల్టు కన్నాల్లోంచి ఆ ప్లైవుడ్‌కి తగిలితే లోపలే కుళ్ళిపోతాది. కర్రతో కొట్టి చూడండి. గట్టి గోడ టంగుమంటాది, కుళ్ళినది బొద్దుమంటాది.

చెక్క పడవలోళ్ళు ఇంకా జాగ్రత్త. ఉప్పునీళ్ళు చెక్కని కాపాడతాయి, మంచినీళ్ళు కుళ్ళబెడతాయి. చెక్కని తినే బూజుకి ఉప్పు పడదు. అందుకే వాన నీళ్ళు తోడేశాక సముద్రం నీళ్ళతో ఒకసారి అరలు కడగడం పెద్దోళ్ళ అలవాటు. ఆ అలవాటు మంచిది, మానకండి.

అరగంట పని

ఒడ్డు మీద ఉన్న పడవకి సగం పని ఇసకే చేస్తాది. అణియం ఎత్తులో, అమరం పల్లంలో ఉండేలా నిలబెట్టి వెనక బిరడా పీకేయండి. పీకిన బిరడాని జేబులో వేసుకోకండి. తాడుతో ఇంజిను పిడికే కట్టండి. ఇంజిను ముట్టుకున్నప్పుడల్లా అది చేతికి తగలాలి. బిరడా మర్చిపోయి పడవని నీళ్ళలోకి దించి నవ్వులపాలైనోళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. ఒడ్డు దగ్గరే గుర్తొస్తే నవ్వులాట, దూరం పోయాక గుర్తొస్తే ఏడుపే.

బరకం కప్పితే బల్లపరుపుగా పరవకండి. రెండు మీటర్లకి మూడు మీటర్ల బరకం నడుమ అయిదు సెంటీమీటర్లు నీళ్ళు నిలబడితే 300 కిలోలు. బరకం చిరుగుతాది, లేకపోతే అంతా ఒక్కసారి లోపలికి దిగుతాది. పడవ పొడుగునా ఎత్తులో ఒక వెదురు బొంగు కట్టి, దాని మీంచి పూరిపాక కప్పులాగ రెండు వైపులకీ వాలుగా వేయండి. తాళ్ళు పడవ కిందనుంచి తిప్పి కట్టండి. రెండు కొసలా గాలి ఆడనివ్వండి. గాలి ఆడకపోతే వాన లేకపోయినా లోపల చెమ్మ పడతాది.

లంగరేసి నీళ్ళలో ఉన్న పడవకి ఇసక సాయం లేదు. అక్కడ వంతులు పెట్టుకోవాల్సిందే. ఇవాళ నేను, రేపు నువ్వు. బ్యాటరీ పంపు ఉన్నోళ్ళు కూడా నిశ్చింతగా పడుకోకండి. నాలుగు రోజుల ముసురులో బ్యాటరీ దిగిపోతే పంపు ఒక ఇనప ముక్క. ఒక చేతి పంపు, రెండు బకెట్లు, ఒక డొప్ప ఉండి తీరాలి. ఇందాకటి 1,400 లీటర్లు పది లీటర్ల బకెట్టుతో 140 సార్లు. ఇద్దరు కుర్రోళ్ళు గట్టిగా పట్టుకుంటే అరగంట పని. మా మావ భుజం ఖరీదు అరగంట.

బయల్దేరే ముందు ప్రతి మూతా తీయండి. కంటితో చూడ్డం కాదు, చెయ్యి అడుగు దాకా పెట్టి చూడండి. లైఫ్ జాకెట్లు ఆ తడి అరల్లోనే కుక్కి ఉంటాయి, తీసి ఎండలో వేయండి. డీజిల్, పెట్రోల్ డబ్బాల మూతలు కూడా చూడండి. వాన నీళ్ళు నూనెకన్నా బరువు, డబ్బా అడుక్కి చేరతాయి. ఆ అడుగు నీళ్ళు ఇంజినులోకి పోయేది సరిగ్గా కెరటాల మధ్యలోనే.

గదిలోకి దూకకండి

ఇప్పుడు వెరావల్, మంగళూరు, చెన్నై పెద్ద బోట్లకి వెళ్ళే గుంటలకి ఒక మాట. ఇది మిగతా అంతటికన్నా ముఖ్యం.

పెద్ద బోట్లలో సేపల గది లోతుగా ఉంటాది. నిషేధం రోజుల్లో మూతేసి వదిలేస్తారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ గదిలోకి వాన నీళ్ళు దిగి, అడుగున మిగిలిన సేప ముక్కలతో కలిసి కుళ్ళుతాయి. ఆ కుళ్ళు గాలిలో ఆక్సిజన్‌ని తినేస్తాది. పైగా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష వాయువు పుడతాది. అది గాలికన్నా బరువు, అడుగునే కాచుకుని ఉంటాది. మొదట మురిగిన కోడిగుడ్డు వాసన వస్తాది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలీదు. "వాసన పోనాదిలే" అనుకుని దిగినోడు అక్కడే కూలిపోతాడు. అతన్ని తీద్దామని దూకినోడూ కూలిపోతాడు. ఇలాంటి గదుల్లో జరిగే చావుల్లో కాపాడబోయి పోయినోళ్ళూ ఉంటారు.

మా మావ కొడుకు వెరావల్ వెళ్ళిన మొదటి ఏడు సరంగు గది కడగమన్నాడట. కొత్తోడికే కదా ఆ పని చెప్తారు. రెండు మెట్లు దిగేసరికి కళ్ళు మండి, తల తిరిగింది. పక్కన ఒక ఒడియా ముసలాయన చొక్కా పట్టుకుని పైకి లాగేశాడు. ఆయన లేకపోతే మా అత్తకి పుస్తెల తాడుతో పాటు కొడుకూ పోయేవోడు.

కాబట్టి మూతలన్నీ తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వండి. నీళ్ళు పైనుంచే పంపుతో లాగండి. గాలి కొట్టే ఫ్యాను ఉంటే పెట్టమనండి. దిగేవోడి నడుముకి తాడు, పైన తాడు పట్టుకుని ఇద్దరు. అగ్గిపుల్ల వెలిగించి పరీక్ష చెయ్యకండి, ఆ వాయువు అంటుకుంటాది. లోపల ఎవరైనా పడిపోతే వెనకాలే దూకొద్దు. తాడుతో లాగండి, కేకలెయ్యండి. సరంగు తిడతాడని భయపడకండి. తిట్లు తిన్నోడు సాయంత్రానికి ఇంటికి ఫోను చేస్తాడు.

అడగాల్సింది అడుగుదాం

ఇంకో చిన్న మాట. డెంగ్యూ దోమ మురికి కాలువలో కాదు, ఇలా నిలబడ్డ శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడతాది. గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా వారం, పది రోజులు. ఒడ్డున వరసగా యాభై పడవలుంటే, వాటి అరల్లో వాన నీళ్ళుంటే, పేట పక్కనే దోమల పెంపకం పెట్టుకున్నట్టే. వారానికొకసారి అన్ని పడవలూ ఆరబెట్టండి. కాలిన ఆయిలు పొయ్యకండి. అది చివరికి మన సేపల్లోకే పోతాది.

అంతా మనమే చేసుకోవాలా, సర్కారుకి పని లేదా అంటే, ఉంది. నిషేధం రోజుల్లో భృతి ఇవ్వడానికి పడవల్ని లెక్క పెట్టడానికి సిబ్బంది వస్తారు. 2025 నుంచి కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తున్నారు, మంచిదే. ఆ వచ్చినోళ్ళు పడవ నంబరు రాసుకుని పోకుండా, మూతలు కూడా తీయించి చూడాలి. రాయితీ మీద ఇచ్చే ప్రతి పడవకీ అర నోటికి కట్టు, ప్రతి అరకీ నీళ్ళు పోయే దారి, ఒక చేతి పంపు తప్పనిసరి చెయ్యాలి. పడవ ధరలో ఇవి ఎంతని? బోల్తా పడ్డప్పుడు రాసే కాగితంలో "లోపల నీళ్ళు ఉన్నాయా" అని ఒక గడి పెట్టాలి. ఆ గడి లేనంతకాలం ప్రతి తప్పూ కెరటం మీదకే పోతాది, ఎవరూ ఏమీ నేర్చుకోరు.

మా మావ ఇప్పటికీ సాయంత్రం ఇసక మీదకొచ్చి కూచుంటాడు. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ ఎవరి పడవ బయల్దేరుతున్నా, ఎడం చెయ్యెత్తి కేకేస్తాడు: "ముందు అర సూసినార్రా?" కుర్రోళ్ళు నవ్వుతారు. "సూసినాం తాతా" అని చూడకుండానే వెళ్ళిపోయేవోళ్ళూ ఉన్నారు.

ఆయన ఎందుకు అడుగుతున్నాడో మీకు ఇప్పుడు తెలుసు. ఈసారి అడిగినప్పుడు వల పక్కకి తీసి, మూతెత్తి, చెయ్యి పెట్టి చూసి అప్పుడు జవాబు చెప్పండి.